చీలమండ బెణికాక మళ్లీ గ్రౌండ్‌కి: హనుమకొండ ఫిజియో సెంటర్‌లో నా పది వారాలు

ఈ రివ్యూ కొంచెం పెద్దది. నాలుగు నెలల క్రితం ఇలాంటిది ఒక్కటి నా కంటపడి ఉంటే నా కాలు రెండోసారి బెణికేది కాదు. అందుకే ఏదీ వదలకుండా రాస్తున్నాను.

నేను పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పరుగు, జంప్ లాంటి పరీక్షలకి ప్రాక్టీస్ చేస్తున్నాను. మాది నర్సంపేట వైపు ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉంటాను. 2022 నోటిఫికేషన్‌లో అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, నాలుగు కిలోల షాట్‌పుట్ నాలుగు మీటర్లు పెట్టారు. వచ్చే నోటిఫికేషన్‌కి కూడా అవే గుర్తు పెట్టుకుని మా బ్యాచ్ అంతా ప్రాక్టీస్ చేస్తోంది. దెబ్బ తగలక ముందు నా 800 టైమింగ్ 4 నిమిషాల 55 సెకన్లు, జంప్ 3.1 మీటర్లు. ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

ఆ రోజు పొద్దున ఐదున్నర. ముందు రాత్రి వాన పడి లాంగ్ జంప్ పిట్‌లో ఇసుక గట్టిపడింది. ఎవరూ తవ్వలేదు, నేనూ తవ్వలేదు. దూకినప్పుడు కుడికాలు పిట్ అంచు మీద పడి పాదం లోపలికి మడతపడింది. టప్‌మని చప్పుడు నాకే వినిపించింది. పది నిమిషాల్లో బయటి గిలక దగ్గర కోడిగుడ్డంత వాపు. కుంటుకుంటూ నడవగలిగాను కాబట్టి ఎముక విరగలేదులే అనుకున్నాను.

తర్వాత చేసినవన్నీ తప్పులే. హాస్టల్లో అక్క ప్రేమతోనే వేడినీళ్ల కాపడం పెట్టింది, బామ్ రాసి గట్టిగా రుద్దింది. రెండో రోజు మా బాపు ఊరి నుంచి వచ్చి, బెణుకులు సరిచేస్తాడని పేరున్న ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. "నరం పక్కకు జరిగింది బిడ్డా, గుంజితే సెట్ అయితది" అని ఆయన పాదం పట్టుకుని రెండుసార్లు గుంజాడు. ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దునకి వాపు రెట్టింపై, నలుపు వేళ్ల దాకా దిగింది. మూడో రోజు ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. "ఫ్రాక్చర్ ఏం లేదు, మూడు వారాలు రెస్ట్" అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి, నొప్పి మాత్రలు రాసి పంపారు. మూడు వారాల తర్వాత ఏం చేయాలో వాళ్లు చెప్పలేదు, నాకూ అడగాలని తెలియలేదు.

ఊళ్లో మంచం మీద మూడు వారాలున్నాను. నొప్పి పోయింది. తిరిగొచ్చి రౌండ్లు మొదలుపెట్టాను. సరిగ్గా పదో రోజు హాస్టల్ ముందు రోడ్డు మీద, పరుగు కూడా కాదు, మామూలుగా నడుస్తుంటే చిన్న రాయి మీద పడి అదే కాలు మళ్లీ మడతపడింది. ఆ రోజు ఏడ్చినంత మొదటి రోజు కూడా ఏడవలేదు. మా గ్రౌండ్‌లో కబడ్డీ ఆడే ఒక తమ్ముడు ఈ సెంటర్ చెప్పాడు.

సెంటర్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు. కాళ్లు, మోకాళ్లు బాగాలేని వాళ్లు వచ్చే చోటికి లిఫ్ట్ లేకపోవడం నిజంగా పెద్ద లోపం. మొదటి రోజు నన్ను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. పైన మాత్రం పెద్ద హాలు, రబ్బరు మ్యాట్లు, గోడకి ఒక నిలువుటద్దం, నేల మీద రంగు టేపులతో గీతలు. మెషిన్లు తక్కువ. ముందు అదే చూసి అనుమానపడ్డాను, ఇక్కడ ఏం లేవేంటి అని.

మొదటి విజిట్‌లో ఫిజియో మేడమ్ నా కోసం నలభై నిమిషాలు కూర్చున్నారు. కాలు ముట్టుకునే ముందే పది ప్రశ్నలు: పాదం ఎటువైపు మడిగింది, చప్పుడు వచ్చిందా, వెంటనే నాలుగు అడుగులు వేయగలిగావా, ముందెప్పుడైనా బెణికిందా. తర్వాత రెండు గిలకల ఎముకల వెనక అంచు మీద ఆరు సెంటీమీటర్ల పైనుంచి కింద దాకా వేలితో నొక్కుకుంటూ వచ్చారు. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో పొడుచుకొచ్చినట్టుండే ఎముకని, లోపలి వైపు పాదం వంపు పైనుండే ఎముకని కూడా నొక్కారు. అక్కడ నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పనిసరి అట. ఈ పద్ధతిని 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు తయారుచేశారని, అనవసరమైన ఎక్స్‌రేలు తగ్గించడానికి దీన్ని చాలా దేశాల్లో వాడతారని చెప్పారు. నాకు ఎముకల మీద నొప్పి లేదు, అడుగులు పడుతున్నాయి. అందుకే రెండోసారి ఎక్స్‌రే అడగలేదు. పిక్కని రెండు వైపులా పిండి చూశారు. మోకాలి కింది రెండు ఎముకలను చీలమండ పైన కలిపి ఉంచే లిగమెంట్ తెగితే అక్కడ నొప్పి వస్తుందట, దానికి చాలా ఎక్కువ కాలం పడుతుందట. అదృష్టం, నాకు అది లేదు.

చివరికి ఒక చేత్తో కాలి ఎముక కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మడమని మెల్లగా ముందుకి లాగారు. ముందు బాగున్న ఎడమ కాలు, తర్వాత కుడికాలు. తేడా నాకే తెలిసింది. ఎడమది గట్టిగా ఆగింది, కుడిది ఇంకొంచెం ముందుకి జారినట్టు వచ్చింది. "బయటి వైపు మూడు లిగమెంట్లు ఉంటాయమ్మా. ముందు వైపుది అన్నిటికంటే బలహీనం, పాదం లోపలికి మడిగితే ముందు అదే తెగుతుంది. నీకు సగం తెగినట్టుంది. రెండో గ్రేడ్" అన్నారు. సాగితే మొదటి గ్రేడ్, కొంత తెగితే రెండు, పూర్తిగా తెగితే మూడు. మూడో గ్రేడ్ అయినా చాలామందికి ఆపరేషన్ లేకుండానే, సరైన కసరత్తుతో నయమవుతుందని కూడా చెప్పారు.

ఎమ్మారై తీయించాలా అని భయంభయంగా అడిగాను, ఎందుకంటే నా దగ్గర అంత డబ్బు లేదు. "ఇప్పుడు తీస్తే నీ వైద్యం ఏం మారదు. ఆరు, ఎనిమిది వారాలు సరిగ్గా చేశాక కూడా కాలు జారిపోతున్నట్టుంటే, లోపల పట్టేసినట్టుంటే అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపిస్తా" అన్నారు. పేద పిల్లకి ఆ ఒక్క మాట ఎంత ధైర్యమో ఇంకెవరికి తెలుస్తుంది.

ఇక నాకు కళ్లు తెరిపించిన పరీక్ష. ఎడమ కాలి మీద నిలబడి కళ్లు మూసుకోమన్నారు. ముప్పై సెకన్లు నిలబడ్డాను, చాలు అన్నారు. కుడికాలి మీద ఆరు సెకన్లకే పక్కకి పడిపోయాను. అప్పటికి నొప్పి పెద్దగా లేదు, నడుస్తున్నాను కూడా. అయినా నిలబడలేకపోయాను. లిగమెంట్ అంటే రెండు ఎముకలని కట్టే తాడు మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ. పాదం ఎంత వంగిందో, ఎటు వాలుతోందో మెదడుకి కబురు పంపే నరాల కొసలు కూడా అందులోనే ఉంటాయట. తెగినప్పుడు ఆ కబురు కూడా తెగుతుంది. రాయి మీద అడుగు పడ్డప్పుడు పాదాన్ని నిలబెట్టే కండరాలకి ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా కాలు మడతపడిపోతుంది. మూడు వారాల రెస్ట్ వాపునీ నొప్పినీ తీసింది, ఈ కబురుని తేలేదు. రోడ్డు మీద నేను ఎందుకు పడ్డానో ఆ రోజు అర్థమైంది.

స్కూల్లో పీఈటీ సార్ మాకు బెణుకుకి రెస్ట్, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అని నేర్పారు. ఆ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి రైస్ (RICE) అని పేరు పెట్టింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టర్, 1978లో. 2014లో ఆయనే, ఐస్ వల్ల, పూర్తి విశ్రాంతి వల్ల మానడం ఆలస్యం కావచ్చని మాట మార్చుకున్నారట. మేడమ్ ఐస్‌ని పూర్తిగా వద్దనలేదు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఓర్చుకోలేకపోతే గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోవచ్చు. కానీ ఆ రోజుల్లో వేడి కాపడం, గట్టిగా రుద్దడం, గుంజడం మాత్రం అస్సలు వద్దు. నొప్పి భరించగలిగినంత వరకు త్వరగా పాదం మోపడం మొదలుపెట్టాలి. మా బాపు పక్కనే కూర్చుని ఇదంతా విన్నాడు, ఏం మాట్లాడలేదు. కిందికి దిగేటప్పుడు నా బ్యాగు తనే మోశాడు.

మొదటి మూడు వారాలు వారానికి రెండుసార్లు వెళ్లాను. మొదటి కసరత్తు బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం. మేడమ్ ఏబీసీడీలు రాయమన్నారు. నేను అ ఆ లు రాశాను, గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి పాదం అన్ని వైపులా పోతుంది. ఋ, ఖ, ఱ దగ్గర గిలక బాగా లాగేది. తర్వాత రోజుల్లో మేడమ్ వేరే వాళ్లకి కూడా "తెలుగులో రాయండి" అని చెప్పడం విన్నాను.

గోడ పరీక్ష ఒకటుంది, దాన్ని ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించాలి, పాదం ఎంత వెనక పెట్టగలమో టేపుతో కొలవాలి. మొదటి రోజు ఎడమ కాలికి 11 సెంటీమీటర్లు, కుడికాలికి 5. ప్రతి విజిట్‌కీ కొలిచి నోటుపుస్తకంలో రాయించేవారు. 5, 6, 7న్నర, అలా పెరగడం చూస్తుంటే చదువులో మార్కులు పెరిగినట్టే ఉండేది. ఆరో వారానికి 10 వచ్చింది.

పిక్క కోసం రెండు కాళ్ల మీద మునివేళ్ల పైకి లేవడం, తర్వాత ఒంటికాలి మీద. పాదాన్ని బయటికి తిప్పే కండరానికి రబ్బరు బ్యాండ్, ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ. లోపలికి మడిగే పాదాన్ని పట్టి ఆపేది ఆ కండరమే. మా కోచింగ్‌లో తొడలకీ పిక్కలకీ చేయిస్తారు, దీని పేరు కూడా ఎవరూ ఎత్తరు. తర్వాత ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం, మడతపెట్టిన దుప్పటి మీద నిలబడటం, అలా నిలబడి బంతి పట్టుకోవడం. నేల మీద టేపు గీతలున్నాయని చెప్పాను కదా, మధ్యలో కుడికాలి మీద నిలబడి ఎడమ పాదంతో మూడు వైపులా ఎంత దూరం తాకగలనో కొలిచేవారు. వెనక పక్కకి తాకేటప్పుడు ఒళ్లంతా వణికేది.

ఇక్కడ నొప్పి ఉన్నచోట మెషిన్‌తో కరెంటు పెట్టరా అని నేనూ అడిగాను, అందరూ అడుగుతారు. హాల్లో ఒక మూల ఆ మెషిన్ ఉంది, మేడమ్ నాకు రెండుసార్లే పెట్టారు. "నొప్పికి కాసేపు హాయిగా ఉంటుంది, లిగమెంట్‌ని గట్టిపరచదు" అని సూటిగా చెప్పారు. ఇక్కడికి రాకముందు ఇంకో చోట అడిగితే ఇరవై రోజుల కరెంటు ప్యాకేజీ, తొమ్మిది వేలు ముందే కట్టాలన్నారు. ఇక్కడ ప్యాకేజీ లేదు, వెళ్లినప్పుడు కట్టడమే.

నాతో పాటు వచ్చేవాళ్ల గురించి కూడా రాయాలి, ఎందుకంటే సగం ధైర్యం వాళ్ల వల్లే వచ్చింది. పేరిణి నేర్చుకునే ఒక అబ్బాయి, పాదం నేలకేసి కొట్టే ఆ నాట్యానికి చీలమండ ఎంత గట్టిగా ఉండాలో అతన్ని చూశాకే తెలిసింది. నాకు సెంటర్ చెప్పిన కబడ్డీ తమ్ముడికి నాలుగేళ్లుగా కాలు పదేపదే మడతపడి, చివరికి హైదరాబాద్‌లో లిగమెంట్‌ని బిగించి కుట్టే ఆపరేషన్ చేశారు. స్వీడన్ డాక్టర్ బ్రోస్ట్రోమ్ 1966లో చూపిన పద్ధతి అట. అతను మూడో నెలలో ఉన్నాడు. "అక్కా, మొదటిసారే ఇట్ల చేసి ఉంటే నాకు కోత పడకపోతుండె" అన్నాడు.

తొందరపడుతున్నప్పుడల్లా మేడమ్ హార్దిక్ పాండ్యాని గుర్తు చేసేవారు. 2023 అక్టోబర్ 19న పుణెలో బంగ్లాదేశ్‌తో వరల్డ్ కప్ మ్యాచ్, తన బౌలింగ్‌లోనే బంతిని కాలితో ఆపబోయి చీలమండ బెణికింది. దేశంలో ఉన్న మంచి వైద్యమంతా చుట్టూ ఉంది, అయినా ఆ వరల్డ్ కప్‌లో మళ్లీ ఆడలేకపోయాడు. పెద్ద మ్యాచ్‌ల్లోకి మళ్లీ వచ్చింది తర్వాతి ఏడాది మార్చిలో, ఐపీఎల్‌కి. "ఆయనకే అంత టైం పడితే నువ్వు మూడు వారాల్లో ఎట్లా దూకుతావమ్మా" అనేవారు. ఆ మాటతో నా టెన్షన్ చాలా తగ్గింది. వెనకబడిపోతున్నాననే బాధ ఉండేది, బ్యాచ్‌లో మిగతావాళ్లు రోజూ టైమింగ్‌లు గ్రూపులో పెడుతుంటే.

నాలుగో వారం నుంచి ఇంకా తక్కువసార్లు వెళ్లాను. నిమిషం పరుగు, నిమిషం నడక, తిన్నగా, గ్రౌండ్‌లో చదునుగా ఉన్న వైపు మాత్రమే. పరుగు తర్వాత పొద్దునకి వాపు రాకపోతేనే మర్నాడు ఇంకో నిమిషం పెంచాలి. ఒకరోజు మాట వినకుండా ఐదు రౌండ్లు ఎక్కువ తిరిగాను, మర్నాడు గిలక ఉబ్బింది. మేడమ్ తిట్టలేదు, నోటుపుస్తకంలో నా చేతే రాయించారు. ఏడో వారంలో ఒంటికాలి గెంతులు, ఎనిమిది ఆకారంలో పరుగు, చిన్న స్టూలు మీద నుంచి దూకి మెత్తగా ఆగడం. ఈ ఆగడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. దూకే ముందు కడుపులో ఏదో పట్టేసేది. అద్దం ముందు నిలబెట్టి, మోకాలు ఎటు పోతోందో నాకే చూపించి, అదే దూకుడు ముప్పై సార్లు చేయించారు.

చీలమండకి కట్టుకునే బ్రేస్ గురించి విడిగా చెప్పాలి. నాకు లేసులు కట్టి పైనుంచి రెండు పట్టీలు ఎనిమిది ఆకారంలో చుట్టుకునే రకం ఇచ్చారు, 950 రూపాయలు. ఊరికే తొడుక్కునే సాగే సాక్సు రకం దీనికి సాటి రాదు, అది పాదం మడతపడకుండా పట్టి ఆపదు. ఒకసారి బెణికినవాళ్లు తిరిగి ఆటలోకి వెళ్లాక కొన్ని నెలలు దీన్ని వేసుకుంటే మళ్లీ బెణికే ప్రమాదం తగ్గుతుందని చెప్పారు. ప్రాక్టీస్‌లోనే వేసుకోవాలి, ఇంట్లో తిరిగేటప్పుడు వద్దు. సాక్సు లేకుండా వేసుకుంటే మడమ వెనక ఒరుసుకుంటుంది, ఎండలో చెమట బాగా పడుతుంది, షూ ఒక సైజు బిగుతవుతుంది. అయినా నాకు డబ్బుకి తగ్గ వస్తువు. షాపులో కొనేముందు మీ షూ తీసుకెళ్లి వేసి చూసుకోండి.

మొత్తం పదకొండు విజిట్లు. మొదటిది 500, తర్వాత ఒక్కోటి 300, అంటే 3,500. బ్రేస్ 950, రబ్బరు బ్యాండ్ 250. అన్నీ కలిపి 4,700. రోజూ హాస్టల్లో నేను చేసుకున్న అరగంట కసరత్తే అసలు వైద్యం, వాళ్లు అది నేర్పారు. చేయనివాళ్లకి పదకొండు విజిట్లు సరిపోవు. కళ్ల ముందే చూశాను, వచ్చి పడుకుని కరెంటు మాత్రమే పెట్టమనే వాళ్లు నెలల తరబడి వస్తున్నారు.

లోపాలు: లిఫ్ట్ సంగతి చెప్పాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రద్దీ, అపాయింట్‌మెంట్ ఉన్నా ఒకసారి ముప్పై ఐదు నిమిషాలు కూర్చున్నాను. కసరత్తుల పేపరు ఇంగ్లీషులోనే ఇచ్చారు. నేను అడిగితే తెలుగులో చేత్తో రాసిచ్చారు, మంచిదే, కానీ మా బాపులాంటి వాళ్లు అడగరు, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. తెలుగు పేపరు అచ్చు వేయించి అందరికీ ఇవ్వాలి. అసిస్టెంట్ అమ్మాయి కొత్తది, మేడమ్ లేని రోజు గోడ కొలత తప్పుగా తీసింది. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ తగ్గించిన ఒక్కటీ మెట్లకీ పేపరుకీ.

ఇప్పుడు నా లెక్క. కళ్లు మూసుకుని కుడికాలి మీద 28 సెకన్లు. 800 మీటర్లు 5 నిమిషాల 8 సెకన్లు. జంప్ 2.85 మీటర్లు. పాత 3.1 ఇంకా రాలేదు, దూకే ముందు కడుపులో పట్టేయడం పూర్తిగా పోలేదు. రోజూ పొద్దున పిట్ దగ్గరికి వెళ్లగానే ముందు పార పట్టుకుని ఇసుక తవ్వుతున్నాను, మా బ్యాచ్‌లో ఇప్పుడు ఇంకో ముగ్గురు కూడా తవ్వుతున్నారు.

బెణికిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోతే, ఎముక మీద నొక్కితే ఓర్చుకోలేకపోతే, వేళ్లు మొద్దుబారినా చల్లబడినా ఇక్కడికి కాదు, ముందు ఆసుపత్రికి వెళ్లండి. మిగతావాళ్లు ఇక్కడికి పొద్దున ఏడున్నరకే రండి, అప్పుడు మేడమ్ తీరిగ్గా చూస్తారు. మెట్ల రెయిలింగ్ ఎడమ వైపే ఉంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయండి, దిగేటప్పుడు బెణికిన కాలు ముందు.